కణం రెండయ్యే వేళ



ఆసుపత్రిలో డాక్టరుగారు “కరెంటు పెట్టించుకోవాలి” అన్నారంటే చాలు, ఇంటిల్లిపాదీ బెదిరిపోతారు. కరెంటు పెడితే ఒళ్ళు కాలిపోతుందని, జుట్టు ఊడిపోతుందని, రోగితో పాటు ఇంట్లోవాళ్ళకు కూడా ప్రమాదమని ఇరుగుపొరుగువారు తలా ఒక మాట చెబుతారు. బెంగుళూరు కిద్వాయికో, చెన్నై అడయారుకో వెళ్ళవలసిన మనిషి నాటుమందులతో ఆరు నెలలు గడిపి, గడ్డ ముదిరిన తరువాత బయలుదేరుతాడు. అదే ఇంట్లో నడుంనొప్పి వస్తే “ఒక ఫోటో తీయండి, స్కానింగు కూడా చేసెయ్యండి” అని మనమే డాక్టరును బలవంతపెడతాం. పొగాకు దుమ్ములో పసిబిడ్డను పక్కన పడుకోబెట్టుకుని బీడీలు చుడతాం. ఒకచోట అక్కరలేని భయం, ఇంకొకచోట ఉండవలసిన భయం లేకపోవడం. కిరణాలు గాని, కొన్ని రసాయనాలు గాని మన ఒంట్లో ఎక్కడ దెబ్బ తీస్తాయి, ఆ దెబ్బ ఎప్పుడు బయటపడుతుంది అన్నది తెలియకపోవడం వల్లనే ఈ తారుమారు. ఈ ప్రసంగంలో ఆ సంగతి చెప్పుకుందాం.

మన శరీరం జీవకణాలతో కట్టినదని అందరికీ తెలుసు. కణం నడుమ కేంద్రకం ఉంటుంది. దానిలో డి.ఎన్.ఎ. అనే జంటపోగుల దారం ఉంటుంది. ఒక్క మనిషి కణంలోని దారాన్నంతా సాగదీస్తే సుమారు 2 మీటర్లు. అది ఇమిడివున్న కేంద్రకం వెడల్పు మిల్లీమీటరులో వందో వంతు కూడా దాటదు. మామూలు సమయాల్లో ఈ దారం సూక్ష్మదర్శినిలో చూసినా చిక్కుపడిన నూలులా కనిపిస్తుంది తప్ప విడివిడిగా కనబడదు. కణం రెండుగా చీలే వేళకు మాత్రం గట్టిగా చుట్టుకుని, పొట్టి పొట్టి ముక్కలుగా తేరుతుంది. అవే క్రోమోజోములు. రంగులను బాగా పట్టుకుంటాయి గనుక వర్ణదేహాలు అని కూడా అంటారు. ఉల్లిగడ్డలో అవి 16, మనిషిలో 46. ఇంటర్మీడియెట్ చదివే పిల్లలు ఉల్లిగడ్డను నీళ్ళగ్లాసు మీద నిలబెట్టి, వచ్చిన వేళ్ళ కొసలు కత్తిరించి, రంగు అద్ది, గాజు పలక మీద నొక్కి చూసేది వీటినే.

చీలడానికి ముందు కణం తన క్రోమోజోములన్నిటికీ నకలు తీసుకుంటుంది. అసలూ నకలూ ఒక ముడి దగ్గర కలిసి ఉంటాయి. ఆ ముడిని సెంట్రోమియర్ అంటారు. అప్పుడు కణం రెండు కొసల నుంచీ సన్నని పోగులు సాగివస్తాయి. ఆ పోగుల అమరికకు మన తెలుగు పాఠ్యపుస్తకాల్లో ‘కండె’ అని పేరు పెట్టారు. షోలాపూరులో మగ్గాల చప్పుడు మధ్య పెరిగిన శ్రోతలకు ఈ మాట వివరించనక్కరలేదు. నాడెలో పెట్టే కండెలాగే ఇదీ నడుమ లావుగా, కొసలు సన్నగా ఉంటుంది. ఆ పేరు పెట్టిన వారెవరో గాని మగ్గం తెలిసిన వారే అయివుండాలి. కండె పోగులు ప్రతి క్రోమోజోమునూ దాని ముడి దగ్గర పట్టుకుని, అసలును ఒకవైపుకు, నకలును మరొకవైపుకు లాగుతాయి. రెండు వాటాలు సరిసమానంగా విడిపోయాక నడుమ గోడ పడుతుంది. ఒక కణం రెండవుతుంది. తల్లి కడుపులో పిండం పెరిగినా, కోసుకున్న వేలు మానినా, రోజూ కొత్త రక్తం ఊరినా జరిగేది ఇదే.

దెబ్బ తగిలేది ఆ దారానికి. దెబ్బ బయటపడేది ఎక్కువగా ఈ పంపకం నాడు. ఈ రెండు మాటలూ గుర్తుంటే మిగతాదంతా సులభంగా అర్థమవుతుంది.

ఎక్స్ కిరణాలను కనుగొన్నది 1895లో. వాటితో వంశపారంపర్య గుణాలు మారతాయని రుజువు కావడానికి మరో ముప్పై రెండేళ్ళు పట్టింది. 1927లో అమెరికా శాస్త్రజ్ఞుడు హెర్మన్ ముల్లర్, మగ్గిన పండ్ల మీద ముసిరే చిన్న ఈగలకు ఎక్స్ కిరణాలు పెట్టి, వాటి సంతానంలో ఉత్పరివర్తనాలు, అంటే గుణాల మార్పులు, మామూలు కంటె నూరు రెట్లకు పైగా పెరిగాయని చూపించాడు. దానికే ఆయనకు 1946లో నోబెల్ బహుమతి వచ్చింది. డాక్టర్లు ఎక్స్ కిరణాలను విచ్చలవిడిగా వాడవద్దని ఆయన జీవితమంతా పోరాడాడు.

కిరణం ఏం చేస్తుంది? కొన్నిసార్లు నేరుగా దారానికే తగులుతుంది. ఎక్కువసార్లు పక్కనున్న నీటికి తగులుతుంది. కణంలో అధికభాగం నీరే కదా. కిరణం తాకిన నీరు విరిగి, ఎవరితోనైనా తగవు పెట్టుకోవడానికి సిద్ధంగా ఉండే చురుకైన ముక్కలు పుడతాయి. అవి పక్కనున్న డి.ఎన్.ఎ. పోగును కొరుకుతాయి. కిరణాల మోతాదును ‘గ్రే’ అనే కొలతతో కొలుస్తారు. ఒక గ్రే తగిలిన కణంలో ఒంటిపోగు తెగుళ్ళు సుమారు వెయ్యి పడతాయి. రెండు పోగులూ ఒకేచోట తెగిన జంటతెగుళ్ళు ముప్పై, నలభై ఉంటాయి.

వెయ్యి అనగానే గుండె గుభేలుమంటుంది. కాని కణం చేతులు ముడుచుకుని కూర్చోదు. ఏ కిరణమూ తగలకపోయినా, మనం పీల్చే గాలి, తినే తిండి, శరీరంలో పుట్టే వేడి వల్ల రోజూ మన డి.ఎన్.ఎ.కు వేల గాయాలు అవుతూనే ఉంటాయి. వాటిని సరిచేసే యంత్రాంగం ప్రతి కణంలోనూ ఉంది. అది ఎలా పనిచేస్తుందో విప్పిచెప్పిన ముగ్గురు శాస్త్రజ్ఞులు లిండాల్, మోడ్రిచ్, సన్‌జార్‌లకు 2015లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఒక పోగు తెగితే ఎదుటి పోగు సాబూతుగా ఉంటుంది. దాన్ని చూసి దీన్ని అల్లుకోవచ్చు. ఒక అంచు చిరిగిన చీరకు రెండో అంచు చూసి బుటా వేసినట్టు. చిక్కంతా జంటతెగుళ్ళతోనే. చూసి అల్లడానికి ఎదురుగా ఏదీ ఉండదు. దగ్గరలోనే ఇంకొక క్రోమోజోము కూడా తెగివుంటే, దీని కొస దానికి, దాని కొస దీనికి ముడిపడిపోవచ్చు. చీకట్లో రెండు దారాలు తెగితే మన చేతులు చేసే పొరపాటే అది.

అలా తప్పుగా ముడిపడిన కణం ఆ రోజు బాగానే ఉంటుంది. తింటుంది, పనిచేస్తుంది. దాని లెక్క తేలేది చీలిక నాడు. ముడిలేని తెగిన ముక్కను కండె పోగు పట్టుకోలేదు. అది ఏ వాటాకూ చేరక మధ్యలో మిగిలిపోయి, చివరికి పిల్లకణంలో ఒక మూల చిన్న ఉండగా చుట్టుకుంటుంది. దీన్ని సూక్ష్మకేంద్రకం అంటారు. ఈ మాటతో మనకు చివర్లో పని ఉంది, జ్ఞాపకం ఉంచుకోండి. ఒక్కొక్కసారి రెండు క్రోమోజోములు అతుక్కుపోయి ఒకే పోగుకు రెండు ముడులు వస్తాయి. ఒక ముడిని ఈ కొస నుంచి, రెండో ముడిని ఆ కొస నుంచి లాగితే ఏమవుతుంది? పోగు నడుమ వంతెనలా సాగి, పుటుక్కున తెగుతుంది. ఎక్కడ తెగుతుందో చెప్పలేం. తెగిన కొసలు మళ్ళీ తప్పుగా అతుక్కుంటాయి, మరుసటి చీలికలో మళ్ళీ వంతెన, మళ్ళీ తెగడం. మొక్కజొన్నలో ఈ చక్రాన్ని 1930ల చివర కనిపెట్టినది బార్బరా మెక్లింటాక్ అనే అమెరికా శాస్త్రజ్ఞురాలు. ఎక్కువ కణాలు ఈ గందరగోళానికి తట్టుకోలేక చచ్చిపోతాయి. నిజానికి అది మనకు మేలే. చావకుండా మిగిలి, ఆపూ అదుపూ లేకుండా చీలడం మొదలుపెట్టిన కణంతోనే ప్రమాదం. కేన్సరుకు మొదలు అక్కడే. అందుకే హిరోషిమాలో అణుబాంబు పడిన కొద్ది సంవత్సరాలకు రక్తపు కేన్సర్లు, ఇంకా పది, ఇరవై ఏళ్ళకు ఇతర కేన్సర్లు పెరిగాయి.

ఇక కరెంటు పెట్టడం సంగతికి వద్దాం. 1906లోనే బెర్గోనియే, త్రిబోందో అనే ఇద్దరు ఫ్రెంచి వైద్యులు ఒక సూత్రం చెప్పారు. తరచుగా చీలే కణాలకే కిరణాల దెబ్బ ఎక్కువ తగులుతుంది అని. కారణం మనకిప్పుడు తెలుసు. తప్పుముడి బయటపడేది చీలికలో గనుక, ఎక్కువగా చీలే కణమే ముందు పడిపోతుంది. కేన్సరు గడ్డకు చీలడమే పని. కనుక దాని మీద కిరణం ప్రయోగిస్తారు. పేరుకు కరెంటు గాని, అందులో మన ఇంట్లోకి వచ్చే విద్యుత్తు ఏదీ లేదు. షాకూ కొట్టదు. కోబాల్టు నుంచి వచ్చే గామా కిరణాలో, యంత్రం పుట్టించే ఎక్స్ కిరణాలో గడ్డ ఉన్నచోటికి గురిపెడతారు.

సాధారణంగా రోజుకు 2 గ్రేలు, వారానికి ఐదు రోజులు, ఐదారు వారాలు ఇస్తారు. “ఒక్కరోజులో ఇచ్చి పంపెయ్యరాదా, బస్సు చార్జీలకే అప్పులయ్యాయి” అని దూరం నుంచి వచ్చే రోగులు విసుక్కుంటారు. వాళ్ళ బాధ నిజమే. కాని ఆ రోజువారీ పద్ధతిలోనే కిటుకంతా ఉంది. ఈరోజు తగిలిన దెబ్బను రేపటిలోగా చక్కదిద్దుకోవడంలో గడ్డ చుట్టూ ఉన్న మంచి కణాలు చురుకు. గడ్డ కణాలు అంత చురుకు కావు, వాటి మరమ్మతు సరంజామా చాలాసార్లు ముందే పాడయి ఉంటుంది. రోజురోజుకూ ఈ తేడా పేరుకుంటుంది. ఇలా గడ్డకు మొత్తం 50, 60 గ్రేలు కూడా ఇవ్వగలుగుతారు. అదే 4 గ్రేలు ఒక్కసారిగా ఒళ్ళంతటికీ తగిలి, వైద్యం అందకపోతే సగం మంది బతకరు. మధ్యలో నాగా పెడితే మంచిది కాదని డాక్టర్లు ఎందుకు కోప్పడతారో దీనివల్ల గ్రహించవచ్చు. మనం ఎగ్గొట్టిన రోజుల్లో గడ్డ కూడా కోలుకుంటుంది.

నోరు పూయడం, గొంతు మంట, చర్మం నల్లబడటం, రక్తకణాలు తగ్గడం ఎందుకు వస్తాయంటే, నోటిపొర, చర్మం, ఎముకలోని మూలుగ కూడా తరచుగా చీలే కణాలతో తయారైనవే. కరెంటు పెట్టిన చోటనే జుట్టు రాలుతుంది. రొమ్ముకు పెడితే తలవెంట్రుకలు ఊడవు. ఒళ్ళంతా పాకే మందులతో అయితే తలవెంట్రుకలు ఊడవచ్చు. ఏళ్ళ తరువాత ఈ కిరణాల వల్లనే మరో కేన్సరు వచ్చే అవకాశం కొద్దిగా ఉంది. డాక్టర్లు దాన్ని దాచరు. కాని ఇవాళ ఎదురుగా ఉన్న గడ్డతో పోలిస్తే అది చిన్నది. ఇంకొక మాట గట్టిగా చెప్పాలి. బయటి యంత్రం నుంచి కరెంటు పెట్టించుకుని ఇంటికొచ్చిన మనిషి ఒంట్లో కిరణాలేవీ మిగిలి ఉండవు. దీపం ఆర్పాక గదిలో వెలుగు మిగలనట్టే. ఆమెకు వేరే కంచం, వేరే మంచం అక్కరలేదు. మనవడు ఒళ్ళో కూర్చోవచ్చు. ఒంట్లోకే రేడియో ధార్మిక మందు ఇచ్చినప్పుడు మాత్రం కొద్దిరోజుల జాగ్రత్తలుంటాయి, వాటిని ఆసుపత్రివారే చెబుతారు.

కిరణాలు చేసే పనిని రసాయనాలు కూడా చేయగలవని తెలిసింది యుద్ధకాలంలో. హిట్లరు జర్మనీ నుంచి 1933లో బయటపడిన యూదురాలు షార్లొట్ అవర్‌బాక్ స్కాట్లండులోని ఎడిన్‌బరోలో పనిచేస్తూ, రాబ్సన్ అనే సహచరునితో కలిసి చిన్న ఈగలకు మస్టర్డ్ గ్యాసు పట్టించింది. మొదటి ప్రపంచయుద్ధంలో సైనికుల మీద వదిలిన విషవాయువు అది. దాని గాయాలు ఎక్స్ కిరణాల గాయాల్లా మానకుండా వేధిస్తాయి గనుక రెండింటి పని ఒకటేమోనన్న అనుమానంతో ఆ పరిశోధన మొదలైంది. ప్రయోగాల్లో ఆమె చేతులు బొబ్బలెక్కాయి. 1941 నాటికి ఫలితం తేలింది. కిరణాల్లాగే ఆ వాయువు కూడా క్రోమోజోములను తెంచుతోంది. యుద్ధరహస్యం గనుక ఆ పదార్థం పేరు 1946లో గాని ప్రకటించలేదు. మస్టర్డ్ గ్యాసు డి.ఎన్.ఎ. రెండు పోగులనూ కలిపి కుట్టేస్తుంది. నకలు తీయాలంటే పోగులు విడిపోవాలి కదా. విడిపోలేక అక్కడ తెగుతాయి. దాని తమ్ముడులాంటి నైట్రోజన్ మస్టర్డును 1942లో అమెరికాలో లింఫు గడ్డల కేన్సరు రోగికి మొదటిసారి ఎక్కించారు. ఇవాళ సెలైనులో ఎక్కించే కేన్సరు మందుల్లో కొన్ని దాని సంతతివే.

ఇంకో మందు మన భీమవరం బిడ్డ చేతిమీదుగా వచ్చింది. యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ సంస్థలో పరిశోధన నడుపుతుండగా అమినాప్టెరిన్, తరువాత మెథోట్రెక్సేట్ తయారయ్యాయి. డి.ఎన్.ఎ. నకలు తీయడానికి ఫోలిక్ ఆమ్లం కావాలి. ఆకుకూరల్లో దొరికే విటమినే అది. ఈ మందులు ఫోలిక్ ఆమ్లంలా వేషం వేసుకుని వచ్చి, అసలుదానికి చోటు లేకుండా చేస్తాయి. నకలు పని ఆగిపోతుంది. బోస్టనులో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు అమినాప్టెరిన్‌ను రక్తకేన్సరు పిల్లలకిచ్చి, తాత్కాలికంగానైనా రోగం వెనక్కి తగ్గిందని 1948లో ప్రకటించాడు. సుబ్బారావుగారు అదే ఏడు కన్నుమూశారు.

ఇప్పటిదాకా చెప్పిన వాటన్నిటి గురీ డి.ఎన్.ఎ. మీదనే. దాని జోలికి పోకుండా, కండెను పట్టుకునే విషాలు కూడా ఉన్నాయి. రెండు మన పెరట్లోనే ఉన్నాయి. తమిళనాడులో ధారాపురం, ఒట్టన్‌ఛత్రం ప్రాంతాల్లో పందిళ్ళు కట్టి పెంచే ఒక తీగ ఉంది. నిప్పు మంటలాంటి ఎరుపు పసుపు పూలు. తమిళులు కాంతళ్ అంటారు, ఆ రాష్ట్రానికి అది అధికార పుష్పం. మనం అగ్నిశిఖ, అడవినాభి అంటాం. దాని గింజల్లోనూ దుంపలోనూ కాల్చిసిన్ అనే విషం ఉంది. కీళ్ళవాతంలో ఒక రకానికి అది మందు కూడా. కాల్చిసిన్ కండె పోగులు అల్లుకోకుండా అడ్డుపడుతుంది. క్రోమోజోములు సిద్ధమై, నకళ్ళతో సహా వరుసగా నిలబడి ఉంటాయి, లాగేవాళ్ళు ఉండరు. పంపకం అక్కడే నిలిచిపోతుంది.

1937లో బ్లేక్స్‌లీ, అవరీ అనే అమెరికా వృక్షశాస్త్రజ్ఞులు ఈ మందును ఉమ్మెత్త వంటి మొక్కలకు పెడితే క్రోమోజోముల సంఖ్య రెట్టింపైంది. పంపకం జరగక రెండు వాటాలూ ఒకే కణంలో ఉండిపోయాయి మరి. గింజల్లేని పుచ్చకాయ పుట్టింది ఈ దారిలోనే. మామూలు పుచ్చలో క్రోమోజోములు 22. కాల్చిసిన్‌తో 44 చేసి, దాన్ని మళ్ళీ మామూలుదానితో సంకరం చేస్తే 33 వస్తాయి. బేసి గనుక జతలు కుదరక విత్తు కట్టదు. ఇంకా చిత్రమేమంటే, మనిషిలో క్రోమోజోములు 46 అని తేలింది కూడా ఈ విషం పుణ్యాన్నే. అంతవరకు 48 అనుకునేవారు. 1956లో స్వీడన్‌లో చియో, లెవాన్ అనేవారు కాల్చిసిన్‌తో కణాలను సరిగ్గా వరుస కట్టిన క్షణంలో ఆపి, తీరిగ్గా లెక్కపెట్టారు.

ప్రయోగశాలలో మేలైన విషం కడుపులోకి పోతే వేరు. అగ్నిశిఖ దుంపను చిలగడదుంప అనుకుని తిన్నవారి సంగతులు ఆసుపత్రుల రికార్డుల్లో ఉన్నాయి. మొదట వాంతులు, విరేచనాలు. కొద్దిరోజుల్లో రక్తకణాలు పడిపోవడం. బతికి బయటపడితే ఒకటి రెండు వారాలకు జుట్టు రాలడం. పేగుపొర, మూలుగ, వెంట్రుక కుదురు, మళ్ళీ చీలే కణాలే. దీనికి తిరుగుడు మందు మన ఆసుపత్రుల్లో లేదు. తిన్నారని తెలిసిన వెంటనే తీసుకుపోవాలి.

రెండవది బిళ్ళగన్నేరు. శ్మశానాల దగ్గర, కాలవగట్లమీద, తులసికోట పక్కన పూసే మొక్కే. చక్కెరజబ్బుకు దాని ఆకు కషాయం తాగేవారు మన సరిహద్దు పల్లెల్లో ఇప్పటికీ ఉన్నారు. జమైకాలో కూడా ఇదే వాడుక ఉండేది. అది విని 1950ల్లో కెనడా శాస్త్రజ్ఞులు పరీక్షించబోతే, చక్కెర తగ్గలేదు గాని ఎలుకల తెల్లరక్తకణాలు పడిపోయాయి. అలా విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్ అనే కేన్సరు మందులు వచ్చాయి. అవీ కండె మీదనే పనిచేస్తాయి. పిల్లల రక్తకేన్సరు చాలావరకు నయం కావడంలో విన్‌క్రిస్టిన్ పాత్ర ఉంది. అలాంటి శక్తిగల మొక్క ఆకును కొలతా లెక్కా లేకుండా రోజూ తాగడం ఏమంత తెలివైన పనో ఎవరికి వారే ఆలోచించుకోవాలి.

కాల్చిసిన్ జాతి మందుతోనే ఇంకొక పని జరుగుతుంది. ఒక మనిషికి కిరణాలు ఎంత తగిలాయో యంత్రం లేకుండా అతని రక్తమే చెబుతుంది. నాలుగు చుక్కల రక్తంలోని తెల్లకణాలను సీసాలో పెంచి, చీలిక మధ్యలో ఆపి, రెండు ముడులున్న క్రోమోజోములు ఎన్ని కణాల్లో ఉన్నాయో లెక్కపెడతారు. మామూలు మనిషిలో వెయ్యి కణాలకు ఒకటి ఉంటే ఎక్కువ. ఒక గ్రే తగిలితే వందకు ఎనిమిది, పది ఉంటాయి. 2010 ఏప్రిల్‌లో ఢిల్లీ మాయాపురి పాతసామాన్ల బజారులో ఈ లెక్క అవసరపడింది. ఒక విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో మూలపడిన యంత్రాన్ని తుక్కు కింద వేలం వేశారు. లోపల కోబాల్టు ఉందని కొన్నవారికి తెలియదు. విప్పి ముక్కలు చేశారు. పలువురు ఆసుపత్రి పాలయ్యారు, ఒకరు మరణించారు. కంటికి కనబడదు, వాసన రాదు, ముట్టుకున్నప్పుడు నొప్పీ ఉండదు. పాతఇనుము వ్యాపారం చేసే సోదరులు మూడు రెక్కల గుర్తు, అంటే పసుపు మీద నల్లగానో ఊదాగానో ఉండే పంకాలాంటి గుర్తు, ఉన్న ఏ సీసపు డబ్బానూ విప్పరాదు. పోలీసులకు చెప్పాలి.

బరంపురం, ఛత్రపురం వైపు శ్రోతలు ఈపాటికి ఒక ప్రశ్న అడగదలచుకుని ఉంటారు. గంజాం తీరం ఇసుకలో మోనజైటు ఉంది, అందులో థోరియం ఉంది, అక్కడ సహజంగానే రేడియేషన్ ఎక్కువ. మరి మా గతి ఏమిటి అని. కేరళలో కరునాగపల్లి తీరం కూడా అలాంటిదే. అక్కడ దాదాపు 70,000 మందిని సగటున పదేళ్ళకు పైగా గమనించి 2009లో ఫలితం ప్రకటించారు. ఆ రేడియేషన్ వల్ల కేన్సర్లు పెరిగిన దాఖలా కనబడలేదు. నెమ్మదిగా, కొద్దికొద్దిగా తగిలే దెబ్బను కణాలు ఎప్పటికప్పుడు చక్కదిద్దుకుంటాయన్నది దీనికి చెప్పే వివరణల్లో ఒకటి. కొంత తగిలితే ఏమీ కాదు గనుక ఎంత తగిలినా ఏమీ కాదనుకోవడం మాత్రం తప్పు.

ప్రపంచంలో సగటు మనిషికి నేల నుంచి, ఆకాశం నుంచి, గాలి నుంచి ఏడాదికి తగిలేది 2.4 మిల్లీసీవర్టులు. ఛాతీ ఎక్స్‌రే ఒకటి తీస్తే, ఆ సహజ రేడియేషన్ పది పదిహేను రోజుల్లో తగిలేదానికి మించదు. పొట్టకు సి.టి. స్కాను తీస్తే సుమారు మూడేళ్ళది ఒక్కసారిగా తగులుతుంది. అవసరమైతే తీయించుకోవలసిందే, అందులో అనుమానం లేదు. నడుంనొప్పికి సరదాగా అడిగి తీయించుకునేది కాదు. మనవాళ్ళు అన్నిటినీ కలిపి ‘స్కానింగు’ అంటారు గాని, గర్భిణికి జెల్లీ రాసి చేసే స్కానింగు ధ్వని తరంగాలతో. ఎం.ఆర్.ఐ. అయస్కాంతంతో. ఈ రెండింటికీ క్రోమోజోములను తెంచే బలం లేదు. సెల్‌ఫోను తరంగాలకూ లేదు.

గర్భిణి సంగతి విడిగా చెప్పాలి. పిండమంటేనే చీలే కణాల ముద్ద. ఎనిమిదో వారం నుంచి పదిహేనో వారం వరకు మెదడు కణాలు ఉధృతంగా పెరుగుతాయి. బాంబు పడిన సమయానికి ఆ దశలో తల్లి కడుపులో ఉన్న జపాను పిల్లల్లో కొందరు చిన్న తలతో, మందబుద్ధితో పుట్టారు. అది పెద్ద మోతాదు. 100 మిల్లీగ్రేలకు లోపు అటువంటి నష్టం కనబడలేదు. తల్లి ఛాతీకి ఎక్స్‌రే తీస్తే బిడ్డకు చేరేది మిల్లీగ్రేలో వందో వంతు కూడా కాదు. గర్భం సంగతి తెలియక ఎక్స్‌రే తీయించుకున్నందుకు గర్భం తీయించుకున్నవారు ఉన్నారు. అది అన్యాయం. అయినా నెల తప్పిందనే అనుమానం ఉంటే ఎక్స్‌రే గదిలోకి వెళ్ళేముందే చెప్పాలి. కోడలు సిగ్గుపడితే అత్తగారే చెప్పాలి. గ్రహణం నాడు గర్భిణిని చీకటి గదిలో కదలకుండా పడుకోబెట్టే ఇళ్ళలో ఈ ఒక్క మాట చెప్పడం మరచిపోతారు. గ్రహణంలో ఏ కిరణమూ కొత్తగా పుట్టదు. ఇక బాంబు బారినుంచి బతికి బయటపడినవారు తరువాత కన్న పిల్లల విషయం. 1948 నుంచి 1954 దాకా 70,000కు పైగా కాన్పులను పరీక్షించారు. అవకరాలు పెరిగినట్లు తేలలేదు. కేన్సరుకు వైద్యం చేయించుకుని కోలుకున్న ఆడపిల్లకు సంబంధాలు రావడం లేదని బాధపడే తల్లిదండ్రులు ఈ మాట నలుగురికీ చెప్పవచ్చు.

చివరికి పొగాకు. దీన్ని చివరకు ఉంచడానికి కారణం, మన జనానికి అన్నిటికంటె దగ్గరగా ఉన్నది ఇదే. షోలాపూరులో తెలుగు ఆడవాళ్ళు వేలమంది తునికాకు, పొగాకు ముందేసుకుని బీడీలు చుడతారు. కాల్చకపోయినా పొగాకు రసం చర్మం ద్వారా, దుమ్ము ఊపిరి ద్వారా లోపలికి పోతుంది. ముంబైలోని కేన్సరు పరిశోధన సంస్థవారు 1990ల్లో బీడీ పొగాకును దంచి జల్లించే పనివారి తెల్లరక్తకణాలు పరిశీలిస్తే, దెబ్బతిన్న క్రోమోజోములు మామూలువారి కంటె ఎక్కువగా కనిపించాయి. కూలి మానుకోమని చెప్పడానికి నేనెవరిని? పొగాకు జల్లించేటప్పుడు ముక్కుకు తడిగుడ్డ కట్టుకోవడం, గాలి ఆడేచోట కూర్చోవడం, చేతులు సబ్బుతో కడుక్కున్నాకే బిడ్డకు పాలివ్వడం, పసివాళ్ళను ఆ గదిలో పడుకోబెట్టకపోవడం, ఇవి కూలి పోకుండా చేయగలిగినవి.

జర్దా, గుట్కా నమిలేవారి బుగ్గలోపలి పొరను చెక్క పుల్లతో మెల్లగా గీకి, గాజు పలక మీద రాసి, రంగు అద్ది చూస్తే ఇందాక చెప్పిన సూక్ష్మకేంద్రకాలు కనిపిస్తాయి. పంపకంలో వాటా దొరక్క మిగిలిపోయిన క్రోమోజోము ముక్కలు. బుగ్గపొర కణాలు సుమారు మూడు వారాలకు ఒకసారి రాలిపోయి కొత్తవి వస్తాయి. కనుక ఇవాళ కనబడేవి ఇటీవలి వారాల నమిలిన పాపానికి సాక్ష్యం. మానేస్తే కొన్ని వారాల్లోనే ఈ సూక్ష్మకేంద్రకాల సంఖ్య తగ్గుముఖం పడుతుంది. అయితే ఆ పొరకు అడుగున, కొత్త కణాలను కనే మూలకణాలు ఉంటాయి. అవి రాలిపోవు. ఏళ్ళ తరబడి నమలగా వాటి దారంలో పడిన తప్పుముడులు అక్కడే ఉండిపోతాయి. మానేసినవారు కూడా నోటిలో తెల్లమచ్చో, ఎర్రమచ్చో, మూడు వారాలకు మానని పుండో కనబడితే డాక్టరుకు చూపించుకోవలసిందేనని చెప్పేది అందుకే.